అప్‌డేట్: తాతగారి పద్దుల పుస్తకంలో 'బేడ' లెక్క తేలింది

మా తాతగారి 1955 నాటి పద్దుల పుస్తకంలో కూడికలు కుదరట్లేదని, అసలు బేడంటే ఎంతని ఇక్కడ అడిగాను కదా. తేలిపోయింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పాత నాణేలు అమ్మే ఆయన్ని అడగమన్న సలహా పనిచేసింది. ఆయన నోటితో చెప్పకుండా నలుపలకల బిళ్ల ఒకటి తీసి చేతిలో పెట్టాడు, ఒకవైపు ఎద్దు బొమ్మ. అదే బేడ, రెండణాలు. రూపాయికి పదహారణాలు, పావలాకి నాలుగు, ముప్పావలాకి పన్నెండు.

ఇక ఆ పేజీ చూడండి: కిరసనాయిలు బేడ, వక్కాకు అణా, పలుపుతాళ్లు పావలా, బండి కిరాయి ముప్పావలా. మొత్తం పందొమ్మిదణాలు. కింద తాతగారు రాసింది రూపాయి మూడణాలే! మిగతా పేజీలూ అలాగే సరిపోయాయి.

హైదరాబాదు హాలీ సిక్కా (నిజాం రాజ్యపు సొంత డబ్బు) లెక్క అయ్యుంటుందన్నారు కొందరు. మాది గుంటూరు వైపు, దానితో పనిపడలేదు. పద్దుల్లో వాడే పాత తెలుగు భిన్నాల గుర్తులు చూడమన్న సలహా కూడా అక్కర్లేకపోయింది, తాతగారు అన్నీ మాటల్లోనే రాశారు.

పావలా నిలిచి బేడ ఎందుకు పోయిందని ఒకరు అడిగారు. నాకు తోచింది ఇదీ: 1957 ఏప్రిల్‌లో రూపాయికి వంద నయాపైసల లెక్క వచ్చాక పావలా సరిగ్గా 25 పైసలకి కుదిరింది, బేడ పన్నెండున్నర దగ్గర ఇరుక్కుంది. 2011లో పావలా బిళ్ల చెల్లకుండా పోయినా పావలా వడ్డీ అనే మాట మాత్రం ఇంకా నడుస్తోంది: నెలకి నూటికి 25 పైసలు, ఏడాదికి 3 శాతం.