0.22 పీసీపీ (ముందే గాలి నింపుకునే ఎయిర్ రైఫిల్): కుందేళ్ల వేటకి పవర్ ఎంత, స్క్రూ ఎన్ని చుట్లు?

గురిగాడు: రెగ్యులేటర్ (వాల్వ్‌కి వెళ్లే గాలి పీడనాన్ని ఒకే స్థాయిలో ఉంచేది) 100 బార్. 15.9 గ్రెయిన్ పెల్లెట్ 170 మీ/సె వస్తోంది. హ్యామర్ స్ప్రింగ్ (వాల్వ్‌ని కొట్టి తెరిచే సుత్తిని నెట్టే స్ప్రింగ్) స్క్రూ ఎన్ని చుట్లు బిగించాలి? బరువు పెల్లెట్ మేలా? స్ప్రింగర్‌కీ (స్ప్రింగ్, పిస్టన్‌తో గాలి నొక్కే ఎయిర్ రైఫిల్) ఇదే పద్ధతా?

వాల్వ్‌మాస్టర్: చుట్లు అడక్కండి, ఏ రెండు రైఫిళ్లకీ ఒకటి కావు. క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచేది) పెట్టి పావు చుట్టు బిగించండి, 5 షాట్లు కొట్టండి, మళ్లీ పావు. ఒక చోట వేగం పెరగడం ఆగిపోతుంది. అక్కణ్ణించి వెనక్కి విప్పుతూ, ఆ గరిష్ఠం కంటే 3–5 శాతం తగ్గే చోట ఆపండి. గరిష్ఠం దాటి బిగిస్తే వాల్వ్ అనవసరంగా ఎక్కువసేపు తెరుచుకుని గాలి తగలేయడమే తప్ప వేగం రాదు.

నూనెచుక్క: ఇంత తంటా ఎందుకండీ, స్ప్రింగర్ తీసుకోండి. పిస్టన్ ముందు ఒక చుక్క నూనె వేస్తే వేగం ఎగబాకుతుంది.

పాతసీల్: ఇలాంటి సలహాలే రైఫిళ్లని చంపుతున్నాయి! దాన్ని డీజిలింగ్ అంటారు. కంప్రెషన్ వేడికి నూనె అంటుకుంటుంది, పొగ, ఘాటు వాసన, ఒక్కో షాట్ ఒక్కో వేగం. సీల్ కాలుతుంది, స్ప్రింగ్ విరుగుతుంది.

నూనెచుక్క: మరీ ఎక్కువ చేస్తున్నారు. ఒక్క చుక్కే అన్నాను.

పాతసీల్: స్ప్రింగర్లు విప్పి బిగించడమే నా పని, నాకు చెప్పకండి. పీసీపీలో ఇంకా ప్రమాదం: అధిక పీడనంలో పెట్రోలియం నూనె పేలొచ్చు. ఓ-రింగ్‌కి (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు) సిలికోన్ గ్రీజు మాత్రమే.

వాల్వ్‌మాస్టర్: అంతవరకూ నిజం. ఆక్సిజన్ సిలిండర్‌తో ఎప్పుడూ నింపకండి. విప్పేముందు గాలంతా తీసేయండి.

లెక్కలరాణి: అసలు ప్రశ్నకి వద్దాం. 15.9 గ్రెయిన్ అంటే 1.03 గ్రా. 170 మీ/సె దగ్గర 14.9 జౌల్స్. 180కి పెంచితే 16.7, అంటే 12 శాతమే. ఆ 12 శాతం కోసం పెల్లెట్లు ఒకే చోట పడక చెదిరితే ఏం లాభం? కుందేలుకి పడాల్సింది తలలో. 30 మీటర్లలో పెల్లెట్లన్నీ రూపాయి బిళ్లంత చోట పడకపోతే దగ్గరికి వెళ్లండి. లైసెన్సు లేకుండా ఎన్ని జౌల్స్ వరకు అనుమతో, ఆ జంతువుని వేటాడొచ్చో లేదో మీ దేశ చట్టం చూసుకుని మరీ స్క్రూ ముట్టుకోండి.

గాలిపటం: మా దాంట్లో కాసేపు వదిలేశాక మొదటి షాట్ ఎక్కువ వేగంగా పోతోంది. స్క్రూ లోపమా?

వాల్వ్‌మాస్టర్: కాదు, రెగ్యులేటర్ క్రీప్. రెగ్యులేటర్ లోపల గాలిని ఆపే సీటు సరిగా మూయక పీడనం మెల్లగా ఎక్కుతోంది. సీటు, ఓ-రింగ్ మార్చండి. హ్యామర్ స్ప్రింగ్‌తో సర్దబోతే మిగతా షాట్లూ చెడతాయి.

నూనెచుక్క: సీటు మార్చడానికి ఏ సైజు ఓ-రింగ్?

పాతసీల్: పాతది కొలవండి, మందం, లోపలి వ్యాసం రెండూ. అంచనాతో కొనకండి.