ఆర్వీ స్లైడ్ లోపలికి రావట్లేదు, 11కి సైట్ ఖాళీ చేయాలి, అర్జెంట్

కొత్తపక్షి, ఉదయం 7:40
అందరికీ నమస్కారం. ఫీనిక్స్‌కి వచ్చి ఏడు నెలలైంది, గ్రూపులో ఇదే నా మొదటి పోస్టు. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు కదా, గ్రాండ్ కేనియన్ చూపిద్దామని ఆర్వీ (లోపలే ఉండి పడుకునే ఇల్లులాంటి బండి) అద్దెకి తీసుకున్నాం. క్లాస్ సి, 28 అడుగులు, ఫోర్డ్ ఈ-450 వ్యాను చట్రం మీద కట్టింది. సౌత్ రిమ్‌లో (కేనియన్ దక్షిణపు అంచు) మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో రెండు రాత్రులు ఉన్నాం. ఇప్పుడు బయల్దేరదామంటే స్లైడ్ లోపలికి రావట్లేదు. బండి ఆపాక చోటు కోసం పక్కకి జరిపే గది భాగమే ఈ స్లైడ్. సోఫా, డైనింగ్ టేబులు ఉన్న ఆ ముక్క మొత్తం అలాగే పక్కకి పొడుచుకుని ఉండిపోయింది. బటన్ నొక్కితే టక్‌మని ఒక్క శబ్దం, అంతే. లైట్లు బాగానే వెలుగుతున్నాయి, కాబట్టి బ్యాటరీ సమస్య కాదు. మోటారు కాలిపోయిందని నా అనుమానం. ఓనరు ఫోను ఎత్తట్లేదు. సైట్ దగ్గర సిగ్నల్ లేక మార్కెట్ ప్లాజా దాకా నడిచొచ్చి ఇది రాస్తున్నా. నలుగురం కలిసి తోస్తే లోపలికి వెళ్తుందా?

డల్లాస్ గుంటూరు, 7:49
తొయ్యొద్దు బ్రదర్! తోసినట్టు ఎవడైనా వీడియో తీస్తే నీ డిపాజిట్ గోవిందా. ముందు చెప్పు, డిపాజిట్ ఎంత కట్టావు? బండి తీసుకునేటప్పుడు స్లైడ్ చుట్టూ ఉండే రబ్బరు సీలు ఫోటోలు తీశావా? నా అనుభవం చెప్తా విను, కొంచెం పెద్దదే.

మూడేళ్ళ కింద లాస్ వేగస్ దగ్గర ఒక యార్డులో తీసుకున్నాం. 1,500 డిపాజిట్. మావిడ, బావమరిది వాళ్ళు, పిల్లలు, అందరం జియాన్ పార్కుకి వెళ్ళి మూడు రోజులు హాయిగా తిరిగొచ్చాం. బండి అప్పగించేటప్పుడు యార్డువాడు చేతిలో పలక పెట్టుకుని, బండి చుట్టూ ప్రదక్షిణ చేసి, స్లైడ్ బయటికి తీసి, లోపలికి లాగి, మళ్ళీ బయటికి తీసి, "ఏదో గరగరమంటోంది" అన్నాడు. నాకేం వినపడలేదు. మావిడకీ వినపడలేదు. సరే అని సంతకం పెట్టి వచ్చేశాం. వారం తర్వాత మెయిలు: మోటారు పాడైంది, మీరు బలవంతంగా నడిపారు, రిపేరు 2,100, డిపాజిట్ పోను ఇంకో 600 కట్టండి అని! పాత మోటారు చూపించమని అడిగా. పారేశాం అన్నారు. షాపు బిల్లు పంపమన్నా. మా సొంత మెకానిక్కే చేశాడు, బిల్లు లేదు అన్నారు. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. కార్డు కంపెనీకి డిస్ప్యూట్ పెట్టా. నా దగ్గర ఉన్న సాక్ష్యం ఒక్కటే, మా పెద్దాడు తీసిన వీడియో. వాడు వాళ్ళ చెల్లెలు డాన్స్ చేస్తుంటే తీశాడు, వెనకాల స్లైడ్ సాఫీగా లోపలికి వస్తూ కనపడుతుంది, శబ్దం కూడా వినపడుతుంది. రెండు నెలలు ఉత్తరాలు నడిచాయి. చివరికి ఆ 600 వదిలేసి, 1,500లో సగం తిరిగిచ్చారు. అందుకే చెప్తున్నా, ఇప్పుడే వీడియో తీసి పెట్టుకో. బటన్ నొక్కడం, టక్‌మనడం, అన్నీ.

టెంపీ అక్క, 7:55
గుంటూరుగారూ, ఆ అబ్బాయికి 11 గంటలకి గండం, మీరు రామాయణం మొత్తం చెప్పారు.
తమ్ముడూ, నాలుగు ప్రశ్నలు. మేథర్‌లో బండికి తగిలించుకునే కరెంటు హుకప్ ఉండదు కదా, మరి రెండు రాత్రులూ హీటరు వేసుకున్నారా? జనరేటరు రోజూ ఆడించారా? ఇప్పుడు జనరేటరు స్టార్ట్ అవుతోందా? స్టీరింగ్ దగ్గర, డాష్ కింద బ్యాటరీ బూస్ట్ అనో ఎమర్జెన్సీ స్టార్ట్ అనో బటన్ ఉందా?

కొత్తపక్షి, 8:01
అక్కా, అమ్మానాన్నలకి చలి అని రెండు రాత్రులూ హీటరు తెల్లార్లూ నడిచింది. గ్యాస్ హీటరే కదా, కరెంటు పోదనుకున్నా. జనరేటరు మొదటి రోజు సాయంత్రం ఒక అరగంట. ఇవాళ స్టార్ట్ కాలేదు, అది వేరే సమస్య అనుకుంటున్నా. బూస్ట్ బటన్ సంగతి చూడలేదు.

టెంపీ అక్క, 8:04
వేరే సమస్య కాదు నాయనా, రెండూ ఒకటే. హీటరు కాల్చేది గ్యాసే, కానీ వేడిని లోపలికి తోసే ఫ్యాను 12 వోల్టుల బ్యాటరీ మీద తిరుగుతుంది. మీరున్నది దాదాపు 7,000 అడుగుల ఎత్తు, అక్టోబరు చివర. తెల్లార్లూ తిరిగితే ఇంటి బ్యాటరీని, అంటే ఇంజనుది కాకుండా లోపలి లైట్లు, ఫ్యాన్లు నడిపేదాన్ని, పీల్చిపారేస్తుంది. చలికి బ్యాటరీ సత్తువ ఇంకా తగ్గుతుంది. ఆ జనరేటరుని స్టార్ట్ చేసేది కూడా అదే బ్యాటరీ. మోటారు మీద అనుమానం ప్రస్తుతానికి పక్కన పెట్టు.

ఓరుగల్లు ఆస్టిన్, 8:06
అక్క చెప్పింది కరెక్టు. తమ్మీ, లైట్లు ఎలుగుతున్నయి కాబట్టి బ్యాటరీ మంచిగున్నది అంటున్నవు సూడు, గది తప్పు. మన ఊర్ల వోల్టేజీ తక్కువున్నప్పుడు ఏమైతది? బల్బు ఎర్రగనన్న ఎలుగుతది, బోరు మోటరు మాత్రం గుర్రుమని ఊకుంటది. గిదీ గంతే. ఎల్ఈడీ లైటుకి ఆంపియరు గూడ అక్కర్లేదు, స్లైడ్ మోటరుకి పదుల ఆంపియర్లు కావాలె. గా టక్ అన్న సప్పుడు రిలే, అంటే మోటరుకి కరెంటు ఇడిసే స్విచ్చి, పడ్డది. అంటే స్విచ్చి మంచిగనే ఉన్నది, మోటరుకి బలం సాల్తలేదు. తలుపు పక్కన మానిటర్ ప్యానెల్ ఉంటది, బ్యాటరీ గుర్తున్న బటన్ నొక్కి ఎన్ని లైట్లు ఎలుగుతున్నయో సూడు. వోల్టులు సూపెట్టే రకమైతే 12.6 ఉంటే నిండుగున్నట్టు, 12.2 అంటే సగం, 12 అంటే ఖాళీ లెక్కనే.

ఫ్రీమాంట్ బాబాయ్, 8:10
నేను 19 ఏళ్ళుగా ఆర్వీలు నడుపుతున్నాను, సొంతానివి రెండు. ముందు ఆ స్లైడ్ ఏ రకమో తెలుసుకోకుండా ఎవరూ ఏమీ చెప్పకూడదు. కింద పళ్ళ కడ్డీలు కనిపిస్తే రాక్ అండ్ పినియన్, దానికి ఒకటే మోటారు, బండి కింద హ్యాండిల్ తగిలించి తిప్పే చోటు ఉంటుంది. కింద ఏమీ లేకుండా, స్లైడ్ పక్క గోడలకి అల్యూమినియం పట్టీల్లో పళ్ళు ఉంటే అది ష్వింటెక్. రెండు పక్కలా రెండు మోటార్లు, రెండూ జోడెద్దుల్లా కలిసి నడవాలి. తీగలు లాగేవి ఉంటాయి, హైడ్రాలిక్‌వి ఉంటాయి, హైడ్రాలిక్ అయితే పంపు ట్యాంకులో నూనె చూడాలి, అదీ స్లైడ్‌లు అన్నీ లోపల ఉన్నప్పుడు చూడాలి.

ష్వింటెక్ అయితే ఒక కిటుకు. కంట్రోలర్ డబ్బా మీద మోడ్ బటన్ ఉంటుంది. గబగబా ఆరుసార్లు నొక్కి, ఏడోసారి నొక్కి ఓ అయిదు సెకన్లు వదలకుండా పట్టుకో. ఎరుపు, ఆకుపచ్చ లైట్లు మినుకుమినుకుమంటాయి. అప్పుడు గోడ మీద స్విచ్చి లోపలి వైపు నొక్కి పట్టుకో. దానికీ రాకపోతే కంట్రోలర్ దగ్గర రెండు మోటార్ల వైర్లూ ఊడదీసి, రెండు మూలలా ఇద్దరేసి సమానంగా తోస్తే వస్తుంది. వచ్చాక వైర్లు మళ్ళీ తగిలించాలి, అప్పుడే మోటార్లు బిగుసుకుని గది జారకుండా పట్టుకుంటాయి. వైర్లు ఊడదీయకుండా తోస్తే గేర్లు పోతాయి.

డల్లాస్ గుంటూరు, 8:14
బాబాయ్, అద్దె బండి కంట్రోలర్ డబ్బాలో చెయ్యి పెట్టమంటున్నారా? అగ్రిమెంటులో రిపేర్లు మీరు చేయకూడదని రాసి ఉంటుంది. అయినా అసలు మామూలు లైసెన్సు మీద ఆర్వీ నడపొచ్చా? దానికి స్పెషల్ లైసెన్సు కావాలి కదా.

ఫ్రీమాంట్ బాబాయ్, 8:16
ఎవరు చెప్పారు? కాలిఫోర్నియాలో 40 అడుగులు దాటితేనే వేరే లైసెన్సు. ఇతనిది 28.

డల్లాస్ గుంటూరు, 8:18
కాలిఫోర్నియాయే అమెరికా కాదు బాబాయ్. మా టెక్సస్‌లో అడుగులు కాదు, బరువు. 26,000 పౌండ్లు దాటితే క్లాస్ బి లైసెన్సు.

ఫ్రీమాంట్ బాబాయ్, 8:20
ఈ-450 మొత్తం బరువు 14,500 పౌండ్లు. ఎటు కొలిచినా తగలదు. ఏదో ఒకటి పట్టుకుని వాదించడమే.

టెంపీ అక్క, 8:21
మీ ఇద్దరూ వేరే పోస్టులో కొట్టుకోండి. తమ్ముడూ, ఇది చెయ్యి. పార్కింగ్ బ్రేక్ వేసి ఇంజను స్టార్ట్ చెయ్యి. ఇంజను బ్యాటరీ వేరు, అది బాగానే ఉంటుంది. ఓ పావుగంట అలా నడవనివ్వు, ఇంటి బ్యాటరీకి కూడా కాస్త ఎక్కుతుంది. తర్వాత బూస్ట్ బటన్ (రెండు బ్యాటరీలనీ కలిపేది) నొక్కి పట్టుకుని జనరేటరు స్టార్ట్ చెయ్యి. జనరేటరు ఆడే వేళలు క్యాంప్‌గ్రౌండ్ బోర్డు మీద ఉంటాయి, చూసుకో. పెట్రోలు పావు ట్యాంకు కన్నా తక్కువుంటే జనరేటరు ఆడదు, అదీ చూసుకో. పొగ గొట్టం ఉన్న వైపు కిటికీలు మూసెయ్, అమ్మానాన్నల్ని బయట కుర్చీల్లో కూర్చోబెట్టు. తర్వాత స్లైడ్ బటన్. కొన్ని బళ్ళకి తాళం ఆఫ్‌లో ఉంటేనే స్లైడ్ కదులుతుంది, కొన్నిటికి ఆన్‌లో. స్విచ్చి దగ్గర స్టిక్కరు ఉంటుంది, చదువు. నొక్కేముందు సోఫా వెనక, కింద, వంటింటి సొరుగులు, అన్నీ చూసుకో. ఏ గరిటె ముక్క అడ్డున్నా ఆగిపోతుంది. బయట పైకెక్కి చూసే పనైతే నిచ్చెనతో, స్లైడ్ కప్పు మీద కొమ్మలుంటే తీసెయ్.

ఓరుగల్లు ఆస్టిన్, 8:24
అట్లనే పళ్ళకి కొంచెం డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టుకో, జర్రున జారుతది.

ఫ్రీమాంట్ బాబాయ్, 8:25
అయ్యో వద్దు! దానికి దుమ్ము అంటుకుని గట్టి పేస్టు అయిపోతుంది, ముఖ్యంగా ఆరిజోనా ఎర్రదుమ్ము. డ్రై లూబ్ (జిడ్డు లేని పొడి కందెన) మాత్రమే. రబ్బరుకి సిలికాన్.

ఓరుగల్లు ఆస్టిన్, 8:27
నేను ఆరేండ్ల నుంచి గదే కొడుతున్న, నా స్లైడ్ ఒక్కసారి గూడ ఆగలే.

ఫ్రీమాంట్ బాబాయ్, 8:28
ఆగుతుంది. ఆగినప్పుడు నాకు ఫోన్ చెయ్.

కొత్తపక్షి, 10:22
అందరికీ దండాలు. మళ్ళీ మార్కెట్ ప్లాజాకి వచ్చి రాస్తున్నా. ప్యానెల్ మీద నాలుగింట్లో ఒక్క లైటే వెలిగింది, అదీ ఎర్రది. అక్క చెప్పినట్టే ఇంజను పావుగంట నడిపి, బూస్ట్ పట్టుకుంటే జనరేటరు రెండో ప్రయత్నానికి అందుకుంది. అరగంట ఆగి స్లైడ్ నొక్కా. కదిలింది! అమ్మ చప్పట్లు కొట్టింది కూడా. సగం వచ్చాక వెనక మూల ఆగిపోయి ముందు మూల మాత్రం వస్తోంది, గది వంకరైంది. భయమేసి వెంటనే బటన్ వదిలేశా. మళ్ళీ బయటికి తీశా, సూటిగా వెళ్ళింది. నాన్న ఫోను లైటు వేసి నేల మీద పడుకుని చూశారు. సోఫా వెనక సందులో అమ్మ అప్పడాల కర్ర! నిన్న రాత్రి చపాతీలు చేశాక దొర్లిపోయి అక్కడ ఇరుక్కుంది. చీపురుపుల్లతో బయటికి లాగి మళ్ళీ నొక్కితే మొత్తం లోపలికొచ్చి రబ్బరు అతుక్కుంది. చివర్లో మోటారు ఆగేదాకా బటన్ పట్టుకునే ఉన్నా. సైట్ పదికే ఖాళీ చేసేశాం, బండి ఇక్కడే పార్కింగ్‌లో ఉంది.

ఒకే సందేహం. కర్ర తగిలిన చోట నేల వినైల్ మీద బొటనవేలంత గుంట పడింది. చిరగలేదు, నొక్కుకుపోయింది. ఓనరుకి నేనే చెప్పాలా, వాళ్ళు చూస్తారా చూద్దాం అని ఊరుకోవాలా?

టెంపీ అక్క, 10:26
నువ్వే చెప్పు. ఫోటోతో మెసేజ్ పెట్టు, ఇవాళే. బ్యాటరీ దిగిపోయిందని కూడా రాయి. రెండు రాత్రులకే ఇంతలా పడుకుందంటే అది పాత బ్యాటరీయే అయ్యుంటుంది, ఆ మాట నీకే పనికొస్తుంది. వచ్చేసారి పక్కనే ఉన్న ట్రైలర్ విలేజ్‌లో హుకప్ ఉన్న సైట్ తీసుకో, అమ్మానాన్నలతో ఉన్నప్పుడు ఈ తిప్పలు ఎందుకు.

డల్లాస్ గుంటూరు, 10:29
చెప్పొద్దు బ్రదర్! అడిగితే అప్పుడు చూద్దాం. నువ్వే ఒప్పుకుంటే 500 పట్టుకుంటాడు.

ఫ్రీమాంట్ బాబాయ్, 10:31
అక్క మాట విను. దాచిపెట్టి దొరికితే అప్పుడు 500 కాదు. హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వెచ్చచేస్తే ఆ గుంట సగం పైకి లేస్తుంది, కానీ చెప్పాకే చెయ్యి. ఇంతకీ ష్వింటెక్కా, రాక్ అండ్ పినియనా? చూశావా?

కొత్తపక్షి, మధ్యాహ్నం 12:50
బాబాయ్, కింద పళ్ళ కడ్డీలు లేవు, గోడకే ఉన్నాయి. ఓనరుకి ఫోటోతో మెసేజ్ పెట్టేశా. ఫ్లాగ్‌స్టాఫ్‌లో భోజనానికి ఆగాం, ఇంకా జవాబు రాలేదు.

ఓరుగల్లు ఆస్టిన్, 12:58
గోడకే ఉన్నయా? అయితే బాబాయ్ చెప్పిందే కరెక్టు, దానికి డబ్ల్యూడీ-40 కొట్టకు. నాది కిందికెల్లి ఉండే రకం.

ఫ్రీమాంట్ బాబాయ్, 1:02
దానికీ కొట్టకూడదు.