చిన్న ఇల్లు విశాలంగా కనబడాలంటే ముందుగా ఏం తీసివేయాలి?

ప్రశ్న: మాది రెండు గదుల ఇల్లు. సామాను మరీ ఎక్కువేమీ లేదు, అయినా హాల్లో అడుగుపెట్టగానే ఇరుకుగా తోస్తోంది. గోడలు కదపకుండా, కొత్తవి కొనకుండా ఏం చేయవచ్చో అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.

మొదటి జవాబు: ముందుగా నేలను చూడండి. గోడ అంచు వరకు నేల ఎంత కనబడితే గది అంత పెద్దదిగా అనిపిస్తుంది కనుక, సోఫా పక్కన, తలుపు వెనుక, మంచం కింద చేరిన అట్టపెట్టెలను, సంచులను ఖాళీ చేయండి. నడిచే దారికి 75 నుంచి 90 సెంటీమీటర్ల వెడల్పు మిగలాలి.

రెండవ జవాబు: నిజమే, కానీ తీసినవాటిని అటక మీదికి ఎక్కిస్తే సమస్య వాయిదా పడుతుందే తప్ప తీరదు. ఏడాదిగా ఎవరూ తాకని వస్తువును అవసరమున్నవారికి ఇచ్చివేయడమే మేలు. ఇంట్లో పెద్దవారు దాచుకున్న వస్తువులను మాత్రం వారిని అడగకుండా ముట్టుకోవద్దని నా మనవి.

మూడవ జవాబు: వెలుతురును మరవకండి. కిటికీని కొంత మూసివేస్తున్న బీరువాను పక్క గోడకు జరిపి, ఇంట్లో ఉన్న అద్దాన్ని కిటికీకి ఎదురుగా తగిలించండి. అయితే అందులో సర్దని అల్మారా ప్రతిబింబిస్తే చిందరవందర రెట్టింపవుతుంది.