పాకిస్తాన్ 295-సి: చంపుతున్నది చట్టమా, మూకా?

కందిలి:
జరాన్‌వాలా గురించి మళ్లీ చదివాక అడగకుండా ఉండలేకపోతున్నాను. 2023 ఆగస్టు 16న, పాకిస్తాన్ పంజాబ్‌లోని ఆ ఊళ్లో, క్రైస్తవులు ఖురాన్‌ను అవమానించారన్న మాట పుట్టింది. మసీదు మైకుల్లో జనాన్ని పిలిచారు. ఇరవైకి పైగా చర్చిలు, పదుల కొద్దీ ఇళ్లు తగలబెట్టారు. దీనికి మూలం ఆ దేశ దైవదూషణ చట్టమే అని నా వాదన. ముఖ్యంగా సైనిక పాలకుడు జియా ఉల్ హక్ హయాంలో 1986లో శిక్షాస్మృతిలో చేర్చిన 295-సి సెక్షన్. ప్రవక్తను దూషిస్తే మరణశిక్ష లేదా యావజ్జీవం అన్నారు. 1990లో ఫెడరల్ షరియత్ కోర్టు, అంటే చట్టాలు ఇస్లాంకు తగ్గట్టు ఉన్నాయో లేదో చూసే కోర్టు, మరణశిక్ష ఒక్కటే ఉండాలంది. ఫలానా మాటకు చావే శిక్ష అని ప్రభుత్వమే రాసి పెట్టాక, ఆ పని మేమే చేస్తాం అనేవాళ్లు పుట్టుకురారా?

సూటిమాట:
ఒకటే ప్రశ్న. ఆ సెక్షన్ కింద పాకిస్తాన్ ప్రభుత్వం ఎంతమందిని ఉరి తీసింది? ఒక్కరిని కూడా తీయలేదు. చంపింది మూక. మూక చేసిన పనికి చట్టాన్ని దోషిగా నిలబెడితే ఎలా?

కందిలి:
ఉరి తీయలేదు, నిజమే. దూషణ కేసులో ఇరుక్కున్న క్రైస్తవ కూలీ ఆసియా బీబీ సంగతి చూడండి. 2009 జూన్‌లో ఫల్సా పండ్లు కోసేచోట మంచినీళ్ల దగ్గర తోటి ఆడవాళ్లతో గొడవ. కేసు పెట్టింది ఊరి ఇమామ్, అదీ ఐదు రోజుల తర్వాత. 2010లో మరణశిక్ష, 2014లో హైకోర్టు ఖరారు, 2018 అక్టోబరులో గానీ సుప్రీంకోర్టు విడిచిపెట్టలేదు. సాక్ష్యాలు ఒకదానికొకటి పొసగడం లేదని కోర్టే చెప్పింది. ఆమె తరఫున మాట్లాడిన పంజాబ్ గవర్నర్ సల్మాన్ తసీర్‌ను 2011 జనవరిలో ఆయన అంగరక్షకుడే కాల్చి చంపాడు. కోర్టుకు తెస్తే ఆ హంతకుడి మీద వకీళ్లు గులాబీ రేకులు చల్లారు. వకీళ్లండీ!

మధ్యాహ్నం:
ఆ హంతకుడు ఖాద్రీని 2016లో ఉరి తీశారు. అదీ చెప్పండి.

సూటిమాట:
అదే నేను చెప్పేది. రాజ్యం ఉరి తీసింది హంతకుడిని, దూషించాడన్నవాడిని కాదు. ఇంకా వెనక్కి వెళ్దాం. బ్రిటిష్ కాలంలో లాహోర్‌లో ప్రవక్త మీద అవమానకరమైన పుస్తకం వేసిన రాజ్‌పాల్‌ను 1927లో హైకోర్టు వదిలేసింది. శిక్షించే సెక్షన్ లేదంది. 1929లో ఒక కుర్రాడు అతన్ని పొడిచి చంపాడు. చట్టం చేతులెత్తేస్తే జనం కత్తి పడతారు. ఇది చరిత్ర.

కందిలి:
ఆ తీర్పు తర్వాత 1927లోనే, మత భావాలను అవమానిస్తే శిక్షించే 295-ఎ తెచ్చారు. రాజ్‌పాల్ హత్య దాని తర్వాత. చట్టం వచ్చీ ఆగలేదు కదా!

సూటిమాట:
కొత్త చట్టం పాత పుస్తకానికి వర్తించదు కాబట్టి ఆగలేదు. తేదీలు తెలిస్తే సరిపోదు.

నల్లకోటు:
వకీలుగా ఒక్క మాట. ఈ రెండు సెక్షన్లను కలిపేయకండి. 295-ఎ కింద నేరం రుజువు కావాలంటే ఉద్దేశపూర్వకంగా, ద్వేషబుద్ధితో చేశాడని చూపాలి. 295-సిలో ఆ షరతు రాయలేదు. నేరుగానో, పరోక్షంగానో, సూచనగానో అన్నా చాలు. ఇంకో సంగతి, అదే శిక్షాస్మృతిలో ప్రార్థనా స్థలాన్ని ధ్వంసం చేసినందుకు 295 కింద రెండేళ్ల దాకా జైలు. గుడిని కూలిస్తే రెండేళ్లు, మాట జారితే మరణం.

సూటిమాట:
తగలబెడితే సెక్షన్ 436 ఉంది, యావజ్జీవం దాకా. లాయరు గారై ఉండి సగమే చెప్తారా?

నల్లకోటు:
436 ఇల్లయినా గుడయినా నిప్పుపెట్టినవాడికి. నేను పోల్చింది మతం పేరుతో రాసిన సెక్షన్లను.

సూటిమాట:
మీకు కావలసినవే పోలుస్తారు.

సలీమ్‌భాయ్:
2017లో మర్దాన్‌లో తోటి విద్యార్థులు కొట్టి చంపిన మషాల్ ఖాన్ ముస్లిం. దూషించాడనడానికి ఆధారమే దొరకలేదు. ఇది మైనారిటీల మీదే నడిచే కత్తి అనుకోవద్దు.

కందిలి:
అన్నా, నిజమే. కానీ అహ్మదీలకు, అంటే పాకిస్తాన్ చట్టం ముస్లింలుగా ఒప్పుకోని వర్గానికి, నోరు జారనక్కర్లేదు. 1984 నుంచి వాళ్లు తమను ముస్లింలమని చెప్పుకుంటేనే మూడేళ్ల దాకా జైలు. సూటిమాట గారు మాత్రం ఉరి లెక్క దగ్గరే ఆగిపోయారు.

సూటిమాట:
ఆగుతాను. ఎందుకో చెప్తా వినండి. మా వీధి గుళ్లో విగ్రహం ముఖం చెక్కేశారు. స్టేషన్‌కు వెళ్తే పిచ్చివాడెవడో చేసుంటాడని పంపేశారు. తర్వాత ఆ ఫోటో మీద బూతులు రాసి ఫోన్లలో తిప్పారు. మా నాన్న దాన్ని చూసి రెండు రోజులు అన్నం ముట్టలేదు. అడిగే నాథుడు లేడు. అలాంటి చట్టాలు వద్దు అని మీరు తేలిగ్గా అంటుంటే నాకు మండుతుంది.

కందిలి:
తేలిగ్గానా? ఎవరో పంపిన బొమ్మను మా తమ్ముడు చూసుకోకుండా గ్రూపులో పంపాడు. మన దేశంలోనూ బ్రిటిష్ కాలం నుంచి వచ్చిన ఆ 295-ఎ కిందే కేసు పెట్టారు. ఆ రాత్రి మా ఇంటి ముందు జనం పోగయ్యారు. మా అమ్మ తలుపుకు అడ్డంగా కూర్చుంది. కొన్నాళ్లు మీరే ఎటైనా వెళ్లండి అన్నారు పోలీసులు. బొమ్మ తయారుచేసినవాడెవడో ఇప్పటికీ తెలీదు. విగ్రహం చెక్కేసినవాణ్ణి జైల్లో పెట్టండి, నేనూ మీతో వస్తాను. నా మనసు నొచ్చింది అన్న ఫిర్యాదుతో మనిషిని లాక్కెళ్లే అధికారం మాత్రం ఎవరికీ ఉండకూడదు.

సూటిమాట:
రాతికి రక్షణ ఉండాలి, ఆ రాతిలో మా నాన్న చూసే దేవుడికి అక్కర్లేదా? మీకూ నాకూ పడనిది ఇక్కడే. అవమానం కూడా దెబ్బే.

కందిలి:
దెబ్బే. కాదనను. కొలవలేని దెబ్బకు జైలు ఉండకూడదు అంటున్నాను. కొలిచేది మళ్లీ గుంపే అవుతుంది.

నల్లకోటు:
ఆసియా బీబీ కేసులోలా పై కోర్టులు చివరికి కొట్టేస్తాయిలే అనుకోవద్దు. ముల్తాన్‌లో లెక్చరర్ జునైద్ హఫీజ్‌ను 2013లో దూషణ కేసులో పట్టుకున్నారు. అతని తరఫున వాదించిన రషీద్ రెహ్మాన్‌ను 2014 మేలో ఆఫీసులోనే కాల్చి చంపారు. 2019లో హఫీజ్‌కు మరణశిక్ష పడింది. పై కోర్టు దాకా వెళ్లాలంటే ముందు వకీలు బతికుండాలి.

సూటిమాట:
రక్షణ ఇవ్వకపోవడం పోలీసుల తప్పు. మరణశిక్ష తీసేయమనండి, ఇప్పుడే సంతకం పెడతాను. సెక్షనే వద్దంటే పెట్టను.

కందిలి:
సరిగ్గా ఆ సవరణనే ఎంపీ షెర్రీ రెహ్మాన్ 2010లో పార్లమెంటులో పెట్టారు. తసీర్ హత్య తర్వాత ఆమె సొంత పార్టీ ప్రభుత్వమే చట్టాన్ని ముట్టుకునేది లేదంది, బిల్లు వెనక్కి పోయింది. 2011 మార్చిలో ఇదే సంస్కరణ అడిగిన మైనారిటీల మంత్రి షాబాజ్ భట్టీని చంపారు. మీరడిగే ఆ కొంచెం కూడా అక్కడ అడగనివ్వలేదు.