మెథోట్రెక్సేట్ వల్లే కిడ్నీ దెబ్బతిందా, నొప్పి మాత్రల వల్లా?

తెనాలి కుర్రాడు: అమ్మకు రుమటాయిడ్ కీళ్లవాతం. ఆరేళ్లుగా వారానికోసారి మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా. వేసుకుంటోంది. కిడ్నీ మందగిస్తే రక్తంలో పెరిగే క్రియాటినిన్ నిరుడు 0.9 ఉండేది, మొన్న 1.6 వచ్చింది. "అది క్యాన్సర్ మందురా, కిడ్నీలు పోతాయి, ఆపించు" అని పిన్ని ఒకటే పోరు. నాకూ ఆపేయాలనే ఉంది. ఏమంటారు?

మందుల షాపు బాబాయ్: తొందరపడకు బాబూ. క్యాన్సర్‌కి ఇదే మందును గ్రాముల లెక్కన ఎక్కిస్తారు. అప్పుడది కిడ్నీలోని సన్నటి గొట్టాల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది. పిన్నిగారి భయం అక్కడిది. వారానికి 15 మిల్లీగ్రాములంటే ముందు చూడాల్సింది లివరూ, రక్తకణాలూ. ఇంతకీ అమ్మ నొప్పికి ఏం వేసుకుంటోంది?

తెనాలి కుర్రాడు: ఇప్పుడే అడిగాను. రోజూ ఎటోరికాక్సిబ్ 90, నాలుగు నెలలుగా! కడుపులో మంట రాదని షాపులో ఇచ్చారట. బీపీకి టెల్మిసార్టాన్, అందులోనే నీరు తీసే మందూ కలిసి ఉంది.

మందుల షాపు బాబాయ్: దొంగ దొరికాడు. ఆ మాత్ర మేలంతా కడుపుకే. కిడ్నీకి రక్తం తీసుకెళ్లే నాళం ముడుచుకోకుండా ఒంట్లోనే తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు కాపాడతాయి. నొప్పి మాత్ర వాటినే తగ్గిస్తుంది, డైక్లోఫెనాక్ అయినా ఇదైనా అంతే. ఆ బీపీ మాత్ర, నీళ్ల మాత్ర తోడైతే ఇక చెప్పేదేముంది. చీటీ లేకుండా ఇచ్చేసే మా షాపుల తప్పూ ఉందిలే. మెథోట్రెక్సేట్ నిర్దోషి.

విశాఖ సుభద్ర: అప్పుడే తీర్పు చెప్పేయకండి బాబాయ్ గారూ. పదకొండేళ్లుగా నేనూ ఆ మందు మీదే ఉన్నాను. దెబ్బతీసింది అది కాకపోవచ్చు. కానీ ఒంట్లోంచి అది బయటికి పోవాల్సింది కిడ్నీ ద్వారానే కదా. కిడ్నీ మందగిస్తే లోపలే నిలిచిపోయి నోట్లో పుళ్లు, తెల్లకణాలు పడిపోవడం, అన్నీ మొదలవుతాయి. తమ్ముడూ, ఈ వారం డోసు పడకముందే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి.

రైతుబిడ్డ: ఇంగ్లీషు మందులన్నీ ఇంతే. మా ఊళ్లో భస్మం ఇస్తారు, ఏ సైడ్ ఎఫెక్టూ లేదు.

విశాఖ సుభద్ర: సీసం, పాదరసం ఉన్న భస్మాలు కిడ్నీకి ఇంకా చేటు. అందులో ఏముందో రాసిమ్మని అడగండి, ఇస్తారేమో చూద్దాం.

తెనాలి కుర్రాడు: ఫోన్ చేశాను. నొప్పి మాత్ర వెంటనే ఆపమన్నారు. ఈ వారం మెథోట్రెక్సేట్ కూడా వద్దన్నారు, వారం తర్వాత మళ్లీ పరీక్ష. బీపీ మాత్ర సంగతి రేపు చూసి చెప్తారట. అమ్మ మాత్రం "మరి రాత్రి నొప్పికి ఏం చెయ్యమంటావురా" అంటోంది.

మందుల షాపు బాబాయ్: పారాసెటమాల్ వేసుకోవచ్చేమో అడుగు. షాపులో కాదు, ఆ డాక్టర్‌నే.