అప్‌డేట్: అత్తయ్యగారితో, పిల్లలతో తాడోబా వెళ్లొచ్చాం

మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారిని, పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ నుంచి తాడోబా (మహారాష్ట్రలోని పులుల అభయారణ్యం) సఫారీ పెట్టుకోవచ్చా అని అడిగాను కదా. పెట్టుకోవచ్చు. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

బల్లార్షా దాకా రైలు, అక్కణ్నుంచి మొహర్లీ గేటుకు కారు. మంగళవారం పార్కుకు సెలవు, జులై నుంచి సెప్టెంబరు దాకా కోర్ (అడవి లోపలి భాగం) మూస్తారు. ఆ లెక్క చూసుకుని డిసెంబరు ఎంచుకున్నాం. ఒరిజినల్ ఐడీ కార్డులు దగ్గరుంచుకోండి.

అత్తయ్యగారికి అసలు కష్టం జిప్సీ (సఫారీకి వాడే ఓపెన్ జీపు) ఎక్కడమే. డ్రైవర్ స్టూలు వేశాడు, గట్టెక్కాం. వెనక సీట్లో కుదుపులెక్కువ, పెద్దవాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి. తెల్లవారుజామున చలి మామూలుగా లేదు, మంకీ క్యాపు తప్పనిసరి (మావారు నవ్వారు, తర్వాత నాది అడిగారు).

కోర్‌లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. పిల్లలు గోల చేస్తారనుకున్నా. కానీ కణుజు (పెద్ద జింక) అరిస్తే పులి కదులుతోందని గైడ్ చెప్పాక ఇద్దరూ చెవులు రిక్కించి కూర్చున్నారు.

పులి? పక్క జిప్సీవాళ్లకు కనిపించింది. మాకు రేచుకుక్కల (అడవి కుక్కల) గుంపు, చెరువు గట్టున మొసలి. అత్తయ్యగారైతే ఈసారి బఫర్ (కోర్ చుట్టూ ఉండే అడవి) సఫారీ కూడా బుక్ చేయమంటున్నారు.