తమ్ముడిని సైకియాట్రీ ఎమర్జెన్సీలో చేర్పించాలి, లోపల ఏం చేస్తారో తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

నిద్రలేని అక్క:
అందరికీ నమస్తే. మా తమ్ముడికి 26 ఏళ్ళు. కంటి మీద కునుకు లేక ఆరు రోజులైంది, రాత్రంతా మేడ మీద తిరుగుతూ ఫోన్లు, నిన్న జీతం డబ్బులన్నీ ఎవరెవరికో పంపేశాడు, అడిగితే మీరంతా నా ఎదుగుదల ఓర్వలేరు అంటూ గ్లాసు విసిరాడు. ఇక్కడ డాక్టర్ గారు చూసి ఈరోజే అడ్మిట్ చేయండి అన్నారు, వీడేమో నాకేం లేదంటాడు. కట్టేస్తారు, కరెంట్ షాక్ పెడతారు అని అమ్మ ఒకటే ఏడుపు. తిరుపతి అని చెప్పి కారెక్కించేద్దాం అంటున్నాడు బాబాయి. ఏం చేయమంటారు?

గోదారోడు:
అబద్ధం చెప్పి మాత్రం తీసుకెళ్ళకండి అండీ. నన్ను అలాగే అన్నవరం అని ఎక్కించారు. జబ్బు తగ్గింది గానీ ఏడాది పాటు మా నాన్న ఎక్కడికి రమ్మన్నా కారెక్కలేదు నేను. "నిద్ర పట్టట్లేదు కదరా, హాస్పిటల్‌కెళ్ళి నిద్రకి మందు రాయించుకుందాం" అనండి, అది నిజమే కదా.

పాత స్టాఫ్ నర్సు:
అమ్మా, నేను సైకియాట్రీ వార్డులో చాలా ఏళ్ళు చేశా, తెలిసింది చెప్తా. ముందు ఒకటి, జ్వరం గానీ ఫిట్స్ గానీ తలకి దెబ్బ గానీ ఉన్నా, ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, రోజూ తాగేవాడు మానేసిన రెండు మూడు రోజులకి వణుకుతూ ఏదేదో మాట్లాడుతున్నా అది వేరే సంగతి, మామూలు క్యాజువాలిటీకే ముందు పరిగెత్తాలి. అవేం లేకపోతే సైకియాట్రీ ఉన్న చోటికే తీసుకెళ్ళండి. ప్రభుత్వంలో అయితే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు, ఇంకా మెడికల్ కాలేజీ పెద్దాసుపత్రుల్లో కూడా వార్డులుంటాయి. కదలనంటే 108 కి చేయండి. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416, టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు.

ఒప్పుకోకపోతే ఎలా అంటారా, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 89వ సెక్షన్ ఉంది. తనకో పక్కవాళ్ళకో ప్రమాదం ఉన్నా, తనని తాను చూసుకోలేని స్థితిలో ఉన్నా, ఇద్దరు విడివిడిగా పరీక్ష చేసి (ఒకరు సైకియాట్రిస్టే అయ్యుండాలి) రాస్తే, తన తరఫు మనిషిగా మీరో అమ్మో దరఖాస్తు పెడితే చేర్చుకుంటారు. అది 30 రోజుల వరకే, ఈలోపు కుదుటపడితే పంపేస్తారు. వాడిన మందుల చీటీలు అన్నీ పట్టుకెళ్ళండి, ఎన్నాళ్ళ నుంచి నిద్ర లేదో తేదీలతో ఒక కాగితం మీద రాసుకోండి, గంజాయి లాంటివి ఏమైనా ఉంటే పరువు చూసుకోకుండా డ్యూటీ డాక్టర్‌కి చెప్పేయండి.

చేర్చుకోగానే బెల్టు, బ్లేడు, ఛార్జర్ వైరు, పైజామా బొందు కూడా తీసేస్తాం. అమ్మకి అవమానంగా అనిపిస్తుంది, ముందే చెప్పి ఉంచండి. షుగరు, రక్తం టెస్టులు చేసి నిద్రకి ఇంజెక్షన్ ఇస్తారు. మొదటి రెండు మూడు రోజులు ఎక్కువ నిద్రే, వాడికి కావాల్సిందీ అదే. కట్టడం అనేది వేరే దారి లేనప్పుడు కాసేపు మాత్రమే, డాక్టర్ ఆర్డరు ఉండాలి, కారణం కేసు షీట్‌లో ఎక్కాలి. గొలుసులు వేయకూడదు, ఒంటరిగా గదిలో పెట్టి తాళం వేయకూడదు, చట్టమే వద్దంది. షాక్ అయితే ఎమర్జెన్సీ ట్రీట్‌మెంట్ కింద ఇవ్వనే ఇవ్వరు, ఎప్పుడిచ్చినా మత్తిచ్చాకే. సినిమాల్లో చూపించేది వదిలేయమనండి అమ్మని.

ఒక్కటి మాత్రం కనిపెట్టుకుని ఉండండి. ఆ ఇంజెక్షన్లలో కొన్నిటికి మెడ ఓ పక్కకి లాగేసి, నాలిక మడతపడి, కళ్ళు పైకి వెళ్ళిపోతాయి. చూసినవాళ్ళు ఏదో పట్టింది అనుకుని బెదిరిపోతారు, ఒకావిడ వార్డులోనే నిమ్మకాయ తిప్పింది! మందు వల్ల వచ్చేదే, సిస్టర్‌కి చెప్తే విరుగుడు ఇంజెక్షన్ ఇస్తారు, మామూలుగా అరగంటలో సర్దుకుంటుంది.

గోదారోడు:
ఇన్సూరెన్స్ ఉంటే ఆ కార్డు కూడా పట్టుకెళ్ళండి అక్కా, మిగతా జబ్బుల్లాగే దీన్నీ కవర్ చేయాలని అదే చట్టంలో ఉంది.

నిద్రలేని అక్క:
చేర్పించాం అండీ. నిద్ర మందుకి అంటే గొణుక్కుంటూనే వచ్చాడు. బొందు నిజంగానే తీసేశారు, అమ్మ ఏడవలేదు. పొద్దున్నుంచి పడుకునే ఉన్నాడు, ఇప్పుడే లేచి నాలిక మందంగా ఉంది, దవడ పట్టేసినట్టుంది అంటున్నాడు. ఇదేనా మీరు చెప్పింది?

పాత స్టాఫ్ నర్సు:
అదే. ఫోన్ పక్కన పెట్టి ఇప్పుడే సిస్టర్ దగ్గరికి వెళ్ళమ్మా. ఊపిరి ఆడట్లేదన్నా, మింగలేకపోతున్నా గట్టిగా కేకేయి, రౌండ్స్ దాకా ఆగొద్దు.